అత్తిపత్తి పట్టు పథకం

మా చింతాడపేట పురపాలక సంఘంలో కౌంటరు గుమాస్తాల కుర్చీలు తీసేసిన రోజు నాకు బాగా గుర్తు. వాటిని మోయించింది నేనే. నా పేరు పట్నాయక్. స్టోర్సు సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. కాగితాలు, కలాలు, సిరా బుడ్లు, గుండుసూదులు, చీపుళ్లు, ఫినాయిలు నా పరిధిలోవి. కుర్చీలు కూడా నావే.

అంతకుముందు వారం మా కమిషనర్ హేమచంద్ర గారు రాజధానిలో ఒక పెద్ద హోటల్లో శిక్షణకి వెళ్లి వచ్చారు. అక్కడ వారిని మెత్తటి సోఫాల్లో కూర్చోబెట్టి, నిలబడడంలోని గొప్పతనం గురించి చెప్పారట. తిరిగి రాగానే స్టాఫ్ మీటింగు పెట్టారు.

"కూర్చున్న ఉద్యోగి ముందు పౌరుడు నిలబడడం బానిస కాలపు లక్షణం. ఈ రోజు నుంచి పౌరుడు, ఉద్యోగి సమానం. ఇద్దరూ నిలబడతారు. ఈ పథకం పేరు నిలువెత్తు సేవ" అన్నారు.

జనన మరణ ధ్రువపత్రాల కౌంటర్లో పనిచేసే నూకరత్నం గారు చెయ్యెత్తారు. "సమానమే కావాలంటే, వచ్చినోళ్లకి కూడా ఓ కుర్చీ వేస్తే సరిపోద్ది కదండీ?"

కమిషనర్ గారు ఓర్పుగా నవ్వారు. "సమానత్వాన్ని రెండు విధాలుగా సాధించవచ్చమ్మా. మన బడ్జెట్ లో ఉన్న విధం ఇదే."

మేమంతా చప్పట్లు కొట్టాం. సాయంత్రానికి కౌంటరు బల్లల్ని గుండెల ఎత్తుకి లేపారు. కుర్చీల్ని వేలం వేస్తే, పెళ్లిళ్లకి షామియానాలు వేసే అతను కొనుక్కుపోయాడు. అప్పట్నుంచి మాకు ఏ మీటింగు ఉన్నా అవే కుర్చీలు అతని దగ్గర అద్దెకి తెచ్చుకునేవాళ్లం. కుర్చీల వెనక మా సంఘం పేరు అలాగే ఉండేది కాబట్టి, చూసేవాళ్లకి అంతా పద్ధతిగానే కనబడేది.

నూకరత్నం గారి గురించి కొంచెం చెప్పాలి. యాభై దాటిన మనిషి. భర్త రైస్ మిల్లులో తూకం పని చేసేవాడు. ఆవిడ కౌంటరుకి పుట్టిన కాగితం కోసం వచ్చేవాళ్లు నవ్వుతూ వచ్చేవాళ్లు, పోయిన కాగితం కోసం వచ్చేవాళ్లు ఏడుస్తూ వచ్చేవాళ్లు. ఆవిడ ఇద్దరినీ పలకరించేది. ఏడ్చేవాళ్ల చేత ముందు మంచినీళ్లు తాగించి, "ఆయాసంగా ఉండీవారా? తిండి తినీవారా?" అని అడిగేది. అప్లికేషన్లో ఆ గళ్లు లేవు. అయినా అవి చెప్పుకున్నాక గానీ వాళ్లు పేరు స్పష్టంగా చెప్పలేకపోయేవాళ్లు. అందుకని ఆవిడ దగ్గర క్యూ ఎప్పుడూ తెగేది కాదు. పొద్దున నిలబడితే మధ్యాహ్నం దాకా నిలబడేది. అన్నం తినొచ్చి మళ్లీ నిలబడేది.

వానాకాలం వచ్చేసరికి ఆవిడ కుడికాలు మీద, మోకాలి కింద నుంచి మడమ దాకా, నరాలు తాడు పేనినట్టు నీలంగా తేలాయి. సాయంత్రానికి కాలు వాచి చెప్పు పట్టేది కాదు. ఆవిడ ఒక అర్జీ రాసింది. మొత్తం ఒక్కటే వాక్యం. "అయ్యా, నాకు కుర్చీ ఇప్పించగలరు."

మేనేజరు జోగారావు గారు ఆ అర్జీని రెండు వైపులా తిప్పి చూశారు. వారు సర్వీసంతా ఫైళ్ల మధ్య గడిపిన మనిషి. మాట్లాడినా నోటు ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది.

"సదరు అర్జీదారు బాధని పేర్కొనక, కేవలం ఫర్నిచరును పేర్కొన్నారు. బాధ లేని చోట ఉపశమనం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం."

"బాధ కాల్లో ఉందండీ" అంది నూకరత్నం గారు.

"కాల్లో ఉన్నదానికి కుర్చీ అడగడం సబబు కాదు. కాలికి సంబంధించినది అడగండి."

అలా ఫైలు మా ఆరోగ్యాధికారి డాక్టర్ ముకుందం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన చదువుకున్నది ఎంబీబీఎస్సే. కానీ మా దగ్గర చేరాక వీధి కుక్కలు, దోమల పొగ, హోటళ్ల లైసెన్సులు తప్ప మనుషుల జోలికి పోయే అవకాశం రాలేదు. చాలా కాలానికి ఒక మనిషి కాలు ముందుకి రావడంతో ఆయన ముచ్చటగా చూసి, నొక్కి, నిలబెట్టి, పడుకోబెట్టి ఫైల్లో రాశారు: "కాళ్ల సిరలు ఉబ్బినవి. ఎక్కువసేపు నిలబడరాదు."

జోగారావు గారు ఫైలు వెనక్కి పంపారు. "మొదటి వాక్యం వైద్యం. రెండో వాక్యం పరిపాలన. రెండోది తమ పరిధిలోనిది కాదు."

డాక్టరు గారు ఓ నిమిషం ఆలోచించి రెండో వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

ఇక్కడే నేను ఇందులోకి వచ్చాను. ఫైలు మీద 'విషయం: సిర' అని రాసి ఉంది. ఇన్‌వార్డులో కూర్చునే మనిషి, అంటే అప్పటికి నిలబడే మనిషి, దాన్ని చూసి ఎవరో తొందరలో దీర్ఘం మరిచారనుకుని 'సిరా' అని సరిదిద్ది నాకు పంపాడు. నేను నూకరత్నం గారి కాళ్ల గురించి చదివి, పొరపాటు జరిగిందని జోగారావు గారి దగ్గరికి పరుగెత్తాను.

"ఇది ఇంకు కాదండీ, రక్తం."

"నంబరు పడిందా?" అన్నారు.

"పడిందండి."

"పడ్డాక ఏది పారినా మీదే."

ఆ విధంగా నేను పురపాలక సంఘంలో సిరల ఇన్‌చార్జిని అయ్యాను. సిరా బుడ్లు ఎటూ ఎవరూ వాడడం లేదు కాబట్టి సెక్షనుకి చాలా కాలానికి పని దొరికిందని మా వాళ్లు సంతోషించారు కూడా.

కమిషనర్ గారికి ఫైలు పెడితే వారి కళ్లు మెరిశాయి. శిక్షణలో రెండో రోజు మన ప్రాచీన విజ్ఞానం గురించి చెప్పారట. "నిలువెత్తు సేవకి సంప్రదాయ వైద్యం తోడైతే రాష్ట్రానికే ఆదర్శం అవుతాం. ఈ ప్రాంతంలో నాటువైద్యులు ఎవరున్నారు?"

కోట వీధిలో సన్యాసిశెట్టి గారున్నారు. మూడు తరాల నుంచి ఆకులు నూరే కుటుంబం. మేము నూకరత్నం గారిని వెంటబెట్టుకుని కారులో వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఎవరికో కట్టు కడుతున్నారు. కమిషనర్ గారి మాట విని, నూకరత్నం గారి కాలు చూసి అన్నారు:

"అత్తిపత్తి ఆకు మెత్తగా నూరి, నువ్వుల నూనెలో కాచి, గోరువెచ్చగా పట్టు వెయ్యాలి. చల్లగా ఉంటది. లాగుడు కొంచెం తగ్గుతాది. కానీ అసలు మందు అది కాదు. కూకోవాలి. రాత్రి తలగడ మీద కాళ్లెత్తి పడుకోవాలి. నిలబడితే ఎన్ని ఆకులు నూరినా దండగే."

కమిషనర్ గారు గబగబా రాసుకున్నారు. ఆఫీసుకి వచ్చి కమిటీ వేశారు. కమిషనర్ గారు అధ్యక్షులు, డాక్టరు గారు కన్వీనరు, నేను సభ్యుణ్ని, జోగారావు గారు నిబంధనల పరిశీలకులు. షామియానా అతని దగ్గర కుర్చీలు అద్దెకి తెప్పించుకుని రెండు పూటలు కూర్చున్నాం.

"వైద్యుడి సిఫారసులో ఆకు, నూనె, పట్టు ఆమోదయోగ్యాలు" అని జోగారావు గారు తేల్చారు. "అయితే 'కూర్చోవాలి' అన్న భాగం ఇదివరకటి సర్క్యులర్‌తో విభేదిస్తున్నది. మందు సర్క్యులర్‌కి లోబడి ఉండాలి గానీ, సర్క్యులర్ మందుకి లోబడి ఉండరాదు."

కూర్చోవడం కొట్టేశాం. డాక్టరు గారు మళ్లీ పొట్టి సంతకం పెట్టారు.

ఈ సవరించిన వైద్యానికి సన్యాసిశెట్టి గారు ఒప్పుకోరేమోనని నేను భయపడ్డాను. మొదట ఒప్పుకోలేదు కూడా. "మా తాత చెప్పిన మందులో సగం కోసీసి మిగతాది ఇమ్మంటే ఎలాగండి?" అని కోప్పడ్డారు. కమిషనర్ గారు ఆయన్ని పిలిపించి శాలువా కప్పి, 'గౌరవ సిరా సలహాదారు' అని ఇత్తడి పలక ఇచ్చారు. సిరల అని ఉండాల్సింది, కానీ పలక ఆర్డరు స్టోర్సు నుంచి వెళ్లింది. ఆయన ఆ పలకని అరుగు మీద బిగించుకున్న మర్నాడు, నిలబడడం కూడా ఒక విధంగా మంచిదేనని, అందులో గాలి ఆడుతుందని చెప్పారు.

ఆకు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాతి ప్రశ్న. అత్తిపత్తి మా ఊరి రైలు గట్టు పొడుగునా అడవిలా ఉంటుంది. కానీ ఊరికే దొరికేదానికి లెక్క రాయడం కుదరదు. అందుకని ఆఫీసు ముందు స్కూటర్లు పెట్టుకునే చోట తవ్వించి వనం వేశాం. స్కూటర్లు రోడ్డు మీదకి వెళ్లాయి. మొక్కలు ఏపుగా లేచాయి. గులాబీ రంగు పూలు పూశాయి. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది. అంతవరకు నా సెక్షన్లో ఏదీ పెరిగి ఎరగదు.

వనాన్ని తనిఖీ చెయ్యడానికి ప్రాంతీయ సంచాలకులు వచ్చారు. మా జిల్లా సంఘాలన్నిటి మీద పెద్ద ఆయన. పెద్ద ఆయన గనక దేన్నయినా చేత్తో ముట్టుకుని చూసే అలవాటు. వరసలో మొదటి మొక్కని ముట్టుకున్నారు. ఆకులు ముడుచుకుని వాలిపోయాయి. రెండోదాన్ని ముట్టుకున్నారు. అదీ వాలిపోయింది. ఆయన అలా వరసంతా ముట్టుకుంటూ వెళ్లేసరికి, వెనక్కి తిరిగి చూస్తే వనం మొత్తం తలలు వేలాడేసి ఉంది.

"నీళ్లు పొయ్యడం లేదా?" అన్నారు.

"పోస్తున్నామండి. అత్తిపత్తి కదండీ, ముట్టుకుంటే ముడుచుకుంటుంది" అన్నాను.

ఆయన జోగారావు గారి వైపు చూశారు. సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. సంచాలకుల వారి సమక్షంలో మొక్కలు వాడిపోవడం తీవ్రమైన నిర్లక్ష్యమని, తగు సంజాయిషీ ఇవ్వాలని. నేను మొక్క స్వభావం వివరంగా రాశాను. జోగారావు గారు తిప్పి పంపారు. "స్వభావం అనేది సంజాయిషీ కాదు. ఉద్యోగులందరూ స్వభావమే చెప్పడం మొదలుపెడితే కార్యాలయాలు నడవవు."

చివరికి, ఇకపై అలా జరగదని రాసిచ్చాను. జరగకుండా చూడాలంటే దారి ఒక్కటే. వనం చుట్టూ ముళ్ల కంచె కట్టించి 'తాకరాదు' అని బోర్డు పెట్టించాను. కాపలా మనిషిని పెట్టాం. అప్పట్నుంచి మొక్కలు ఎప్పుడు చూసినా విచ్చుకునే ఉండేవి. తాకకుండా ఆకు కొయ్యడం సాధ్యం కాదు కాబట్టి మందుకి మాత్రం ఆకు లేకుండా పోయింది.

పథకం ఆగకూడదు కదా. సరఫరా కోసం టెండరు పిలిచాం. మా క్యాంటీను నడిపే అతనికే దక్కింది. అతను రోజూ స్టీలు గిన్నెలో ఆకుపచ్చటి ముద్ద పంపేవాడు. నూకరత్నం గారు మొదటి రోజు కాలికి రాసుకుని, వాసన చూసి నన్ను పిలిచింది.

"పట్నాయక్ గారూ, ఇది అత్తిపత్తి కాదండి. కొత్తిమీర పచ్చడి."

"ఎలా చెప్పగలరు?"

"మంట పుడుతోంది. మిరపకాయ వేశాడు."

నేను వేలితో కొంచెం నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు కూడా సరిపోయింది. కమిటీ ముందు పెడితే, మంట అనేది మందు పనిచేస్తున్న లక్షణమని నమోదు చేశారు. డాక్టరు గారు మళ్లీ సంతకం పెట్టారు. బయటికి వచ్చాక వరండాలో నాతో అన్నారు: "నేను కాలేజీలో శరీర శాస్త్రంలో ఫస్టు వచ్చానయ్యా పట్నాయక్. మా ఇంట్లో ఎవరూ నమ్మరనుకో ఇప్పుడు."

నూకరత్నం గారు మూణ్ణాలుగు రోజులు రాసుకుని మానేసింది. మంటకి తోడు చీమలు పడుతున్నాయంది. రైలు గట్టు మీద నుంచి తనే ఆకు కోసుకొచ్చి రాత్రిళ్లు వేసుకునేది. "చల్లగానే ఉంటదండి. పడుకున్నంతసేపూ హాయిగానే ఉంటది. పొద్దున వచ్చి నిలబడితే మళ్లీ మొదటికొస్తోంది" అని చెప్పింది. ఆవిడ మడమ పైన చర్మం నల్లబడి దురద పెట్టేది. నిలబడే ఉండి, ఒక కాలితో ఇంకో కాలిని రుద్దుకుంటూ కాగితాలు రాసేది. క్యూలోవాళ్లకి అది కనబడేది కాదు. బల్ల ఎత్తు.

ఈలోగా మేం పంపిన నివేదిక రాజధానిలో అందరికీ నచ్చింది. పథకాన్ని విస్తరించమని ఉత్తర్వు వచ్చింది. ప్రతి సెక్షన్లోనూ లబ్ధిదారులు ఉండాలి. ఇక్కడ చిక్కొచ్చింది. పన్నుల సెక్షను, ఇంజనీరింగు సెక్షను, మా స్టోర్సు, అందరం కుర్చీల్లో కూర్చునేవాళ్లమే. మా కాళ్లలో ఒక్క నరమూ తేలలేదు.

జోగారావు గారు పరిస్థితిని సమీక్షించారు. "లబ్ధి సిద్ధంగా ఉన్నది. లబ్ధిదారులు సిద్ధంగా లేరు. ఇది సిబ్బంది వైపు లోపం."

కమిషనర్ గారు పరిష్కారం కనిపెట్టారు. మిగిలిన సెక్షన్ల కుర్చీలు కూడా తీసేశారు. మేమూ నిలబడితే కొద్ది నెలల్లో మాకూ సిరలు ఉబ్బుతాయి. ఉబ్బగానే పట్టు వేస్తారు. ఎవరికీ అన్యాయం జరగదు. కమిషనర్ గారు తమ కుర్చీ కూడా తీయించేశారు. ఆ విషయంలో వారిని తప్పు పట్టలేం. కాకపోతే అప్పట్నుంచి వారు ఎక్కువగా కారులోనే ఉండేవారు. కారు పోర్టికోలో ఆగి ఉండేది. మేం ఫైళ్లు కిటికీ లోంచి అందించేవాళ్లం. కారులో నిలబడడం కుదరదు కాబట్టి అది నిబంధనకి విరుద్ధం కాదని జోగారావు గారు తేల్చారు.

నేను స్టోర్సులో తెల్ల కాగితాల కట్టలు పేర్చి, తలుపు వేసుకుని వాటి మీద కూర్చునేవాణ్ని. ఇంజనీరు గారు మురుగు కాలవలు తనిఖీ చేస్తున్నానని వెళ్లి కల్వర్టు మీద కూర్చునేవారు. మరుగుదొడ్ల దగ్గర ఎప్పుడూ జనమే.

ఏడాది నిండే నాటికి ఉత్సవం పెట్టారు. ప్రాంతీయ సంచాలకులు ముఖ్య అతిథి. కౌంటర్ల ఎదురుగా హాల్లో చిన్న వేదిక కట్టించాం. షామియానా అతను వందల కుర్చీలు ఇస్తానన్నా, పథకం స్ఫూర్తి దెబ్బతింటుందని కమిషనర్ గారు ఒక్కటే తెప్పించారు. ఎర్ర ముఖమల్ దిండు, బంగారు రంగు చేతులున్న పెళ్లికొడుకు కుర్చీ. అది సంచాలకుల వారికి. మిగతా అందరం నిలబడాలి.

కార్యక్రమంలో ముఖ్యమైనది మొదటి లబ్ధిదారు అనుభవం. నూకరత్నం గారు వేదిక ఎక్కి, అత్తిపత్తి వల్ల తన బాధ పోయిందని చెప్పాలి. ఏం చెప్పాలో జోగారావు గారు కాగితం మీద రాసిచ్చారు.

"పోలేదు కదండీ" అంది ఆవిడ.

"ప్రసంగం పథకం గురించి. మీ కాలు గురించి కాదు."

ఆవిడ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. తన పేరు పిలిచేదాకా కౌంటర్లో నిలబడి పని చేస్తూనే ఉంది. ఆ రోజు కూడా చావు కాగితం కోసం ఒక ముసలాయన వచ్చాడు. ఆయన భార్య పోయిందట. వేదిక మీద స్వాగత గీతం జరుగుతుంటే ఆవిడ ఆయనకి మంచినీళ్లు పట్టించి, ఏం జబ్బు చేసిందని అడుగుతోంది.

మైకులో పేరు పిలిచారు. ఆవిడ గబగబా వచ్చి వేదిక మెట్టు ఎక్కబోయింది. మెట్టుకి బిగించిన ఇనప రేకు అంచు మడమ పైన తగిలింది. చిన్న దెబ్బే. కానీ అక్కడి చర్మం ఉల్లిపొర అయిపోయి ఉంది. నెత్తురు పిచికారీ కొట్టినట్టు చిమ్మింది. తెల్లటి తివాచీ మీద, పూలకుండీల మీద, జోగారావు గారి చెప్పుల మీద పడింది. ఆవిడ కిందకి చూసి, "అయ్యో, తివాచీ" అంది. ముఖం పాలిపోయి ఊగిపోయింది.

ఎవరం కదల్లేదు. ఏం చెయ్యాలో ఉత్తర్వుల్లో లేదు. కమిషనర్ గారు, "పట్టు తెండి! పట్టు వెయ్యండి!" అని అరిచారు. ఎవరో క్యాంటీను గిన్నె కోసం పరుగెత్తారు. జోగారావు గారు నా చెవిలో, "రక్తస్రావం పథకం పరిధిలోకి వస్తుందా?" అని అడిగారు.

అప్పుడు డాక్టర్ ముకుందం గారు మా ఇద్దరినీ రెండు చేతులతో తోసేసి ముందుకి వెళ్లారు. ఆయన ఎవరినైనా తోయడం నేను చూడలేదు. నూకరత్నం గారిని పట్టుకుని నేల మీద పడుకోబెట్టారు. ఆవిడ వెనకే కౌంటరు దగ్గర్నుంచి వచ్చిన ముసలాయన భుజం మీది తువ్వాలు లాక్కుని, మడిచి, గాయం మీద బొటనవేళ్లతో అదిమి పట్టారు.

"కాలు పైకి లేపాలి. గుండె కంటే పైకి. కుర్చీ తెండి!"

"కుర్చీలు లేవండి" అన్నాను.

ఆయన తలెత్తి వేదిక మీదకి చూశారు. ప్రాంతీయ సంచాలకుల వారు ముఖమల్ దిండు మీద కూర్చుని కింద ఏం జరుగుతోందో చూస్తున్నారు.

"సార్, లేవండి" అన్నారు డాక్టరు గారు.

"ఏమిటి?"

"లేవమంటున్నాను. నేను డాక్టర్ని."

ఆ గొంతు మాకెవరికీ తెలియదు. సంచాలకుల వారు లేచారు. నేనూ ముసలాయనా కలిసి కుర్చీని కిందకి దింపాం. బంగారు చేతుల మధ్య, ఎర్ర ముఖమల్ మీద, నూకరత్నం గారి కాలు పెట్టారు. డాక్టరు గారు నేల మీద మోకాళ్లూని ఒత్తి పట్టుకునే ఉన్నారు. కాసేపటికి నెత్తురు ఆగింది. క్యాంటీను గిన్నె వచ్చింది. ఆయన దాని వైపు చూడకుండానే, "అది ఇడ్లీలోకి పంపించు" అన్నారు.

"భయపడకమ్మా, ఆగిపోయింది" అన్నారు తర్వాత. ఆయన చొక్కా అంతా నెత్తురు. నూకరత్నం గారు పడుకునే ఉండి, ఆయన్ని చూసి, "నిలబడకూడదని మీరు మొదట్లోనే రాశారు కదండీ. మరి కొట్టేశారేటి?" అని అడిగింది.

ఆయన తువ్వాలు ఇంకోసారి సరిచేసి, అంబులెన్సు వచ్చేదాకా కాలు వదల్లేదు. అంబులెన్సులో ఆయనే వెంట వెళ్లారు.

కార్యక్రమం ఆపకూడదని నిర్ణయించారు. కుర్చీ నెత్తురు మరకలతో పనికి రాకుండా పోవడంతో, సంచాలకుల వారు మిగిలిన ప్రసంగాలు, సన్మానాలు, వందన సమర్పణ అన్నీ నిలబడి విన్నారు. ప్రసంగాలు చాలా ఉన్నాయి. నిలబడడంలోని గొప్పతనం గురించే కమిషనర్ గారు చాలాసేపు మాట్లాడారు. వెళ్లేటప్పుడు సంచాలకుల వారు కారెక్కడానికి ఇద్దరం సాయం పట్టాల్సి వచ్చింది.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. పర్యటనకి వచ్చిన ఉన్నతాధికారులకి ఆసనం లేకపోవడం మర్యాదకి భంగమనీ, ప్రతి కార్యాలయంలో, ప్రతి సెక్షన్లో, ప్రతి కౌంటరు వద్ద తగినన్ని కుర్చీలు ఎల్లవేళలా ఉంచాలనీ. కింద గీత గీసి ఇంకో వాక్యం ఉంది: అతిథులకు మాత్రమే. షామియానా అతని దగ్గర మా కుర్చీల్నే తిరిగి కొన్నాం. మేం వాటి పక్కన నిలబడి పని చేసేవాళ్లం.

నూకరత్నం గారికి జిల్లా ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. సెలవు అయ్యాక ఒక పొద్దున కాలికి బిగుతు మేజోడు వేసుకుని వచ్చింది. కౌంటరు లోపలికి వెళ్లి, అతిథుల కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఎత్తు బల్ల వెనక ఆవిడ అసలు కనబడడమే లేదు. జోగారావు గారు బల్ల మీద నుంచి తొంగి చూశారు.

"నూకరత్నం గారూ, అది అతిథుల ఆసనం. నిలబడండి."

"నిలబడనండి."

జోగారావు గారు ఎదురు చూశారు. ఇంతకాలం సర్వీసులో ఏ జవాబుకైనా కారణం జతపరచి ఉండడం వారికి అలవాటు. ఆవిడ కారణం ఏమీ చెప్పలేదు. కిందనుంచి ఒక చెయ్యి పైకి లేచి, క్యూలో మొదటి మనిషి కాగితం అందుకుంది. "ఎవరు పోయారు నాయనా?" అని గొంతు వినబడింది. జోగారావు గారు ఇంకాసేపు చూసి తన గదిలోకి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి పక్క కౌంటర్లో ఇంకొకరు కూర్చున్నారు. సాయంత్రానికి నేను కూడా తలుపు తెరిచే కూర్చున్నాను.

నిలబడాలన్న ఉత్తర్వుని ఎవరూ రద్దు చెయ్యలేదు, కూర్చోవడాన్ని ఎవరూ అనుమతించలేదు. డాక్టర్ ముకుందం గారు మాత్రం పాత ఫైలు తెప్పించుకుని, కొట్టేసిన రెండో వాక్యం కింద మళ్లీ అదే వాక్యాన్ని రాసి, ఈసారి పూర్తి పేరుతో సంతకం పెట్టారు. వారికి మెమో వచ్చింది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి చూపించారట.

చివరగా పథకం వార్షిక నివేదిక నేను రాయాల్సి వచ్చింది. నూకరత్నం గారి కేసు ఎలా రాయాలో తోచలేదు. నెత్తురు సంగతి రాయకూడదు, ఆపరేషను సంగతి రాయకూడదు, అబద్ధమూ రాయకూడదు. ఒక పూటంతా ఆలోచించి ఇలా రాశాను: "మొదటి లబ్ధిదారు పథకంలో చేరిన అనంతరం గణనీయంగా కోలుకొని, ప్రస్తుతం కూర్చోగల స్థితికి చేరుకున్నారు."

కమిషనర్ గారు కారు కిటికీ లోంచే చదివి, నా భుజం తట్టారు. ఆ నివేదికకి రాష్ట్ర స్థాయి ప్రశంస వచ్చింది. వారికి ప్రమోషను కూడా వచ్చింది. బస్సులు నడిపే సంస్థకి పెద్ద అధికారిగా వెళ్లారు. వెళ్లిన నెలలోపే డ్రైవర్ల సీట్ల విషయం పరిశీలనకి తీసుకున్నారని తెలిసింది.

ఆ కబురు మోసుకుని నేను కౌంటరు దగ్గరికి వెళ్లాను. నూకరత్నం గారు రాస్తున్న కాగితం పూర్తి చేసి, స్టాంపు వేసి, బల్ల మీదకి అందించి, అప్పుడు తలెత్తింది.

"మా అమ్మాయి వచ్చే వారం రమ్మంటోందండి" అంది. "రైల్లో వెళ్తాను."